మిత్రరాజ్యముల పొత్తు – మన పల్లెల బరువు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రెండవ ప్రపంచ యుద్ధ కాలమున మిత్రరాజ్యములు తమలో తాము చేసికొన్న ఒడంబడికలను గూర్చియు, వాని ఫలితములు మన ప్రాంతమునకు వచ్చి చేరిన తీరును గూర్చియు నేడు మీతో ముచ్చటింపవలెనని నా సంకల్పము. వాషింగ్టను, లండను, మాస్కో నగరములలో పెద్దలు జరిపిన మంతనములతో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి చేలకును, మిరప తోటలకును సంబంధమేమని మీరు అడుగవచ్చును. ఆ పెద్దల నిర్ణయములు మన పత్తి బేరమును తారుమారు చేసినవి. తిండిగింజల ఓడలు ఏ రేవునకు పోవలెనో నిర్ణయించినవి. తెనాలిలో నెత్తురు చిందుటకు గల కారణములలో భాగమైనవి. అయినను ఆ కాగితములు వ్రాయునపుడు మన సమ్మతిని ఎవరును అడుగలేదు. అడుగకుండ మోపిన బరువు ఎట్టిదో తెలిసికొనుట, గ్రామముపై పన్నునో పనినో మోపుటకు తీర్మానము చేయు అధికారము గల మీకు ఎంతయు అవసరము.

యుద్ధము, రాయబారము మనకు క్రొత్త మాటలు కావు. పల్నాటి వీరుల కథ విననివారు ఈ ప్రాంతమున అరుదు. పండ్రెండవ శతాబ్దమున గురజాల, మాచర్ల పక్షములకు కలహము వచ్చినపుడు అలరాజు రాయబారిగా పోయి తిరిగి ఇల్లు చేరలేదనియు, అతనికి విషము పెట్టి చంపిరనియు ఆ కథ చెప్పుచున్నది. రాయబారము చెడినది, కారెంపూడి యుద్ధభూమియైనది. శత్రువుతో మాట కుదుర్చుట రాయబారములో ఒక సగము. మిత్రునితో మాట నిలుపుకొనుట రెండవ సగము. రెండవదే కష్టతరమని 1939–1945 నాటి చరిత్ర నిరూపించినది.

ఆపద కూర్చిన పొత్తు

బ్రిటను, అమెరికా, సోవియట్ రష్యా దేశములు పుట్టుకతో మిత్రులు కారు. 1939 ఆగస్టు 23న రష్యా, జర్మనీలు ఒకరిపై నొకరు దండెత్తరాదని ఒప్పందము చేసికొనినవి. సెప్టెంబరు 1న జర్మనీ పోలండుపై పడినది. సెప్టెంబరు 3న బ్రిటను, ఫ్రాన్సు యుద్ధము ప్రకటించినవి. ఆ నెల 17న రష్యా సేనలు తూర్పు దిక్కునుండి పోలండులో ప్రవేశించినవి. 1940 జూనులో ఫ్రాన్సు లొంగిపోగా, బ్రిటను తన సామ్రాజ్యముతో మాత్రమే మిగిలినది. అమెరికా అప్పటికి యుద్ధమునకు దూరముగా నుండెను.

1941 జూను 22న జర్మనీ తన ఒప్పందమును త్రోసివేసి రష్యాపై దండెత్తినది. బ్రిటిషు ప్రధాని చర్చిలు తన జీవితమంతయు కమ్యూనిజమును ద్వేషించినవాడు. అయినను ఆ రాత్రియే రేడియోలో రష్యాకు సాయము చేయుదుమని ప్రకటించెను. జూలై 12న రెండు దేశములును పరస్పరము సాయపడుటకును, శత్రువుతో విడివిడిగా సంధి చేసికొనకుండుటకును ఒడంబడిక చేసికొనినవి. డిసెంబరు 7న జపాను పెరల్ హార్బరుపై దాడి చేయుటతో అమెరికా కూడ యుద్ధమున దిగెను. అంతకు రెండు సంవత్సరముల క్రితము ఒకరి ముఖము నొకరు చూడనొల్లని మువ్వురును ఒక్క పక్షమైరి.

వేసవిలో గడ్డివాము అంటుకొన్నపుడు ఊరిలోని రెండు పార్టీలవారును కడవలు పట్టుకొని ఒకే బావికి పరుగెత్తుదురు. ఆ గడియలో పాత పగలు ఎవరికిని జ్ఞాపకము రావు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు తన ప్రజలకు చెప్పిన ఉపమానము కూడ ఇట్టిదే. 1940 డిసెంబరులో ఆయన, పొరుగువాని ఇల్లు తగులబడునపుడు నీళ్లగొట్టమును ముందు చేతికి ఇత్తుము గాని దాని వెల ముందు చెల్లింపుమని అడుగము గదా, మంట ఆరిన పిమ్మట గొట్టము తిరిగి వచ్చిన చాలును గదా యని వాదించెను. ఆ వాదమునుండి పుట్టినదే 1941 మార్చి 11 నాటి లెండ్–లీజు చట్టము. దాని క్రింద అమెరికా యుద్ధాంతము వరకు మిత్రులకు ఇచ్చిన సరకుల విలువ సుమారు 5,000 కోట్ల డాలర్లు. అందులో బ్రిటిషు సామ్రాజ్యమునకు 3,100 కోట్లు, రష్యాకు 1,100 కోట్లు చేరినవి.

మన మిరప తోటలను పాలుకు చేయు పద్ధతి మీకందరికి తెలిసినదే. ఒకరు భూమి పెట్టుదురు, ఒకరు పెట్టుబడి పెట్టుదురు, ఒకరు ఒళ్లు వంచి చాకిరి చేయుదురు. ఈ మహాయుద్ధపు సేద్యమున అమెరికా పెట్టుబడి పెట్టినది. బ్రిటను తన దీవిని, సముద్ర మార్గములను నిలిపినది. రష్యా నెత్తురు ధారపోసినది. ఆ దేశమున చనిపోయినవారు, సైనికులును ప్రజలును కలిపి, సుమారు 2 కోట్ల 70 లక్షలని అంచనా. పాలివారు మువ్వురు ఉన్నచోట తగవులు తప్పవు. పడమటి దిక్కున రెండవ రణరంగమును వెంటనే తెరువుమని రష్యా నాయకుడు స్టాలిను 1941 నుండి పట్టుపట్టెను. 1942లోనే తెరతుమన్న ఆశ కల్పించిరి. అది నెరవేరినది 1944 జూను 6న. ఆ జాప్యము వలన కలిగిన అనుమానము యుద్ధము ముగిసినను తొలగలేదు.

సంతకము చేసిన దేశము, సమ్మతి లేని ప్రజలు

ఇక మన దేశము సంగతి. 1939 సెప్టెంబరు 3న రాజప్రతినిధి లిన్లిత్‌గో ప్రభువు భారతదేశము కూడ యుద్ధమున నున్నదని ప్రకటించెను. ప్రజలెన్నుకొన్న శాసనసభలను గాని, నాయకులను గాని ఒక్క మాట అడుగలేదు. దానికి నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసినవి. ఒంగోలు ప్రాంతపు బిడ్డయైన టంగుటూరి ప్రకాశము పంతులుగారు రెవెన్యూ మంత్రిగా నుండిన మద్రాసు మంత్రివర్గము కూడ ఆ విధముగనే తప్పుకొనెను.

1941 ఆగస్టు 14న రూజ్వెల్టు, చర్చిలులు అట్లాంటిక్ సముద్రమున ఓడలపై కలిసి ఒక ప్రకటన వెలువరించిరి. దానినే అట్లాంటిక్ ఛార్టరు అందురు. తమ ప్రభుత్వము ఎట్లుండవలెనో నిర్ణయించుకొను హక్కు సకల ప్రజలకును కలదని దాని మూడవ సూత్రము. ఆ మాట విని ఆసియా, ఆఫ్రికా ఖండముల ప్రజలు ఆశపడిరి. నెల తిరుగకముందే, సెప్టెంబరు 9న, చర్చిలు పార్లమెంటులో ఆ సూత్రము ముఖ్యముగా జర్మనీ కాడి క్రింద నున్న యూరపు జాతులను ఉద్దేశించినదని అర్థము చెప్పెను. రూజ్వెల్టు 1942 ఫిబ్రవరిలో అది ప్రపంచమంతటికిని వర్తించునని చెప్పెను. కాగితము ఒక్కటే, సంతకములు రెండు, అర్థములు కూడ రెండు.

1942 జనవరి 1న 26 దేశములు వాషింగ్టనులో ఐక్యరాజ్యముల ప్రకటనపై సంతకము చేసినవి. అట్లాంటిక్ ఛార్టరు సూత్రములను అంగీకరించుచున్నామనియు, సర్వశక్తులను యుద్ధమునకు వినియోగింతుమనియు, విడిగా సంధి చేసికొనమనియు దాని సారాంశము. ఆ పట్టికలో భారతదేశము పేరు కలదు. ప్రభుత్వము పక్షమున గిరిజాశంకర బాజ్‌పాయి సంతకము చేసెను. స్వేచ్ఛకొరకు పోరాడుదుమని పరదేశమున సంతకము చేసిన భారతమునకు ఇంటిలో స్వేచ్ఛ లేదు. ఈ వైపరీత్యమును మనస్సున నుంచుకొన్నచో తరువాతి సంగతులన్నియు తేటపడును.

పత్తి బేళ్లు, బర్మా బియ్యము

గుంటూరు ప్రాంతమున నాడు పండిన పత్తిలో అధికభాగము పొట్టి పింజది. కొంచెము ఎర్రజాయ గల ఆ పత్తిని కాకినాడ రేవు పేరుమీద వ్యాపారులు కోకనాడా పత్తి అని పిలుచుచుండిరి. దేశము మొత్తముమీద పొట్టి పింజ పత్తిని పెద్ద యెత్తున కొనుచుండినది జపాను. 1933లో జపాను మిల్లులు మన పత్తిని బహిష్కరింపగా, 1934లో రెండు ప్రభుత్వముల నడుమ ఒక వర్తకపు ఒడంబడిక కుదిరినది. జపాను ఏటేట 15 లక్షల బేళ్ల పత్తి కొన్నచో 40 కోట్ల గజముల జపాను బట్టను మన దేశములోనికి రానిత్తురని దాని షరతు. రైతు పత్తి తీసి బండికెత్తునపుడు ఎరుగకపోయినను, దేశపు పత్తి బేరము ఒక అంతర్జాతీయ ఒప్పందమునకు కట్టుబడి యుండినది.

1941 జూలైలో అమెరికా, బ్రిటను, డచ్చి ప్రభుత్వములు ఒక్కటై జపాను ఆస్తులను స్తంభింపజేసినవి. జపానుతో వర్తకము ఆగిపోయినది. పొట్టి పింజకు కొనుగోలుదారు లేకపోయెను. మిత్రుల దౌత్యములో అది శత్రువును కట్టడి చేయు చర్య. దేశములోని పత్తి రైతుకు అది బేరము పోయిన సంవత్సరము.

1942 మార్చి 8న రంగూను జపాను వశమైనది. దక్షిణ దేశమునకు వచ్చుచుండిన బర్మా బియ్యము నిలిచిపోయినది. కూలికి, వర్తకమునకు బర్మా పోయిన మనవారు అనేకులు అక్కడ చిక్కుకొనిరి. భారతీయులు లక్షల సంఖ్యలో కొండలు, అడవులు దాటి నడిచి వచ్చిరి. త్రోవలో రోగములచేతను ఆకలిచేతను మరణించినవారు వేలకొలది. ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. బంగాళాఖాతమున వర్తకపు ఓడలు మునిగిపోయినవి. మద్రాసునుండి జనము మూటలు కట్టుకొని లోనాడుకు పరుగెత్తిరి. ప్రభుత్వ కార్యాలయములు తరలిపోయినవి. తీరమున నున్న మన పల్లెలకు యుద్ధము పత్రికలలో చదువు వార్త కాక, ఆకాశమున వినబడు చప్పుడైనది.

క్రిప్సు రాయబారము

జపాను మన వాకిట నిలిచినందున ప్రజల హృదయపూర్వకమైన సహకారము లేక ఈ దేశమును కాపాడుట కష్టమని మిత్రరాజ్యములలో కొందరు గ్రహించిరి. చైనా నాయకుడు చియాంగ్ కై షేక్ 1942 ఫిబ్రవరిలో సతీసమేతుడై మన దేశమునకు వచ్చి, కలకత్తాలో గాంధీ మహాత్ముని కలిసికొనెను. భారతీయులకు నిజమైన రాజకీయాధికారము ఇండని బ్రిటనునకు బహిరంగముగా విజ్ఞప్తి చేసెను. రూజ్వెల్టు మార్చి 10న చర్చిలునకు జాబు వ్రాసి, అమెరికా రాష్ట్రములు స్వతంత్రమైన తొలి దినములలో తాత్కాలిక ప్రభుత్వమును నడిపిన అనుభవమును ఉదాహరణగా చూపెను.

ఈ ఒత్తిడులు కూడ తోడై సర్ స్టాఫర్డు క్రిప్సు మార్చి నెలలో ఢిల్లీ చేరెను. యుద్ధము ముగిసిన పిమ్మట అధినివేశ ప్రతిపత్తి ఇత్తుమనియు, ఇష్టము లేని రాష్ట్రములు వేరుగా నుండవచ్చుననియు, రక్షణ వ్యవహారము మాత్రము యుద్ధాంతము వరకు బ్రిటిషువారి చేతనే యుండుననియు అతడు తెచ్చిన ప్రతిపాదన. రూజ్వెల్టు ప్రతినిధిగా ఏప్రిలు 3న ఢిల్లీ వచ్చిన లూయీ జాన్సను, రక్షణ శాఖ విషయమై ఇరువురికిని నచ్చు మార్గము వెదకుటకు శ్రమించెను. ఫలింపలేదు. ఏప్రిలు 10న కాంగ్రెసు నిరాకరించెను. క్రిప్సును మరికొన్ని దినములు ఉండనిమ్మని రూజ్వెల్టు చర్చిలును కోరెను గాని చర్చిలు ఒప్పుకొనలేదు. పెట్టుబడి పెట్టిన మిత్రుడు తన పాలివాని ఇంటి వ్యవహారమున కొంత దూరము వచ్చి ఆగిపోయెను. పొత్తు చెడునన్న భయము న్యాయముకన్న బలమైనది.

గాంధీ మహాత్ముడు జూలై 1న రూజ్వెల్టునకు స్వయముగా లేఖ వ్రాసెను. స్వతంత్ర భారతముతో ఒడంబడిక చేసికొని మిత్రరాజ్యముల సేనలు ఈ దేశముననే యుండి జపానును ఎదుర్కొనవచ్చునని ఆయన ప్రతిపాదించెను. ఆగస్టు 8న బొంబాయిలో ఆమోదించిన క్విట్ ఇండియా తీర్మానములోనే స్వతంత్ర భారతము ఐక్యరాజ్యములకు మిత్రమగునని వ్రాసియున్నది. ఈ వాక్యమును అనేకులు మరచిపోవుచున్నారు. మనవారు పొత్తు వద్దనలేదు. పాలివారివలె కూర్చుండి పొత్తు చేసికొందుమనిరి; పాలేరువలె నిలువము అనిరి.

మరునాడు తెల్లవారకముందే నాయకులను నిర్బంధించిరి. కార్యవర్గ సభ్యులైన పట్టాభి సీతారామయ్యగారు నెహ్రూ, పటేలు, ఆజాదులతోపాటు అహమ్మదునగరు కోటలో బందీయైరి. ప్రకాశము పంతులుగారు కూడ యుద్ధము ముగియు సంవత్సరము వరకు చెరసాలలోనే గడపిరి. ఆగస్టు 12న తెనాలిలో ప్రజలు రైలు స్టేషనుపై విరుచుకుపడిరి. పోలీసులు కాల్పులు జరుపగా ఏడుగురు మరణించిరి. వారి స్మారక చిహ్నములున్న చోటును నేటికిని రణరంగచౌకు అని పిలుచుచున్నాము. ఢిల్లీలో చెడిన రాయబారమునకు వెల తెనాలిలో చెల్లినది.

అదే కాలమున మన పల్లెలలో మరియొక చీలిక వచ్చినది. రష్యాపై దాడి జరిగిన పిదప కమ్యూనిస్టులు దీనిని ప్రజాయుద్ధమని భావించిరి. 1942 జూలైలో వారి పార్టీపై నిషేధమును తొలగించిరి. కావున ఒక్క ఊరిలోనే ఒకరు బ్రిటిషువారిని వెళ్లగొట్టుటకు చెరసాలకు పోయిరి. మరియొకరు ముందు ఫాసిజమును ఓడింపవలెనని సభలు పెట్టిరి. ఇరువురిలో ఎవరి దేశభక్తిని శంకింప పనిలేదు. మాస్కో, లండనుల నడుమ కుదిరిన పొత్తు గుంటూరు జిల్లా రచ్చబండపై స్నేహితులను విడదీసినదని మాత్రము గమనింపుడు.

ఓడలు ఎవరికి?

యుద్ధ కాలమున అన్నిటికన్న విలువైన వస్తువు ఓడ. 1942లో అమెరికా, బ్రిటనులు ఓడలను, ఆహారమును పంచుటకు ఉమ్మడి మండలులను ఏర్పరచుకొనినవి. ఏ ఓడ సేనలను మోయవలెను, ఏ ఓడ గోధుమలను మోయవలెను అను నిర్ణయము లండను, వాషింగ్టనులలోనే జరుగుచుండెను. 1943లో బంగాళమున ఘోర క్షామము వచ్చినది. బర్మా బియ్యము లేకపోవుట, తుపాను నష్టము, ధరల పెరుగుదల, దాపరికము, పాలకుల అలసత్వము అన్నియు కూడినవి. మరణించినవారు 15 లక్షలని నాటి విచారణ సంఘము లెక్కగట్టెను. తరువాతి పరిశోధకులు 30 లక్షల వరకు చెప్పుచున్నారు.

ధాన్యమునకు ఓడలు పంపుడని భారత ప్రభుత్వము పలుమార్లు లండనును వేడుకొనెను. కోరినంత రాలేదు. 1944 ఏప్రిలు 29న చర్చిలు, ఆస్ట్రేలియా గోధుమలను భారతదేశమునకు చేర్చుటకు ఓడలు సాయము చేయుమని రూజ్వెల్టును కోరెను. జూను 1న రూజ్వెల్టు తన సానుభూతిని తెలిపి, సైనిక అవసరముల వలన ఓడలు ఇవ్వజాలనని జవాబు వ్రాసెను. మరి అయిదు దినములకే ఫ్రాన్సు తీరమున మహాదండయాత్ర ప్రారంభమైనది. సేనానుల లెక్కకు ఆ నిర్ణయము తగినదిగా తోచియుండవచ్చును. కాని ఓడల పంపకము నిర్ణయించిన బల్లవద్ద ఆకలిగొన్న ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధి ఒక్కడును లేడు. అక్కడ లేనివాని ఆకలి ఎప్పుడును పట్టికలో చివరకే చేరును.

మన జిల్లాలు నాడు మిగులు ధాన్యము గల జిల్లాలు. కావున ప్రభుత్వము కొలత నిర్ణయించి ధాన్యము సేకరించెను. కిరసనాయిలునకు, బట్టకు, పంచదారకు నియంత్రణ వచ్చినది. పండించినవాడే వరుసలో నిలుచుట మన పెద్దలు చూచిన వింత.

ఎవరు ఎవరికి బాకీ?

ధరల సంగతి మరింత విపులముగా చెప్పవలసియున్నది. 1939లో కుదిరిన ఏర్పాటు ప్రకారము, భారత రక్షణకు అయిన సాధారణ వ్యయము మనది. అంతకు మించి సామ్రాజ్యపు యుద్ధమునకు అయినది బ్రిటనుది. వినుటకు న్యాయముగానే యున్నది. కాని బ్రిటను ఇక్కడ కొన్న సరకులకు వెంటనే వస్తువులో, బంగారమో ఇవ్వలేదు. లండనులో మన ఖాతాలో పౌనులు వ్రాసిపెట్టెను. ఆ వ్రాతను ఆధారముగా చేసికొని రిజర్వు బ్యాంకు ఇక్కడ నోట్లు అచ్చువేసెను. యుద్ధకాలమున నోట్ల చెలామణి సుమారు ఆరింతలైనది. ధరలు రెండింతలు మించినవి. సరకు దేశము దాటిపోయెను, నోటు చేతిలో మిగిలెను, నోటుతో కొనుటకు బజారులో వస్తువు లేదు. పత్తి కూలికి, మిరప కూలికి వచ్చు అణాలు పెరిగినను వానితో వచ్చు గింజలు తగ్గినవి.

యుద్ధాంతమునకు లండనులో పేరుకొన్న ఆ నిల్వలు సుమారు 130 కోట్ల పౌనులు, అనగా 1,700 కోట్ల రూపాయలకు పైగా. అప్పులవాడైన భారతము అప్పిచ్చినవాడైనది. 1944 జూలైలో బ్రెట్టన్‌వుడ్సు సమావేశమున చింతామణి దేశముఖ్, ఏ.డి. ష్రాఫ్, షణ్ముఖం చెట్టి మున్నగు ప్రతినిధులు ఈ బాకీలో కొంతయైనను వాడుకొనుటకు వీలైన ధనముగా మార్చు మార్గము చూపుడని కోరిరి. అమెరికా, బ్రిటనులు అంగీకరింపలేదు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఒప్పందముల మీద, విడతలు విడతలుగా, ఆ ధనము మన చేతికి వచ్చినది. ఆకలికాలమున ఇచ్చిన గింజలకు ఏండ్లు గడచిన పిమ్మట వచ్చిన చీటీ అది.

ఏరు దాటిన తరువాత

ఏరు దాటి తెప్ప తగులవేయుట యను సామెత మిత్రరాజ్యములకును తగిలినది. 1945 ఫిబ్రవరిలో యాల్టా నగరమున మువ్వురు నాయకులు పోలండులో స్వేచ్ఛగా ఎన్నికలు జరుపవలెనని వ్రాసికొనిరి. ఎవరి పర్యవేక్షణలో, ఏ పద్ధతిలో అని స్పష్టముగా వ్రాసికొనలేదు. ఎవరికి వారు తమకు కావలసిన అర్థము తీసికొనిరి. ఆ మాటలనుండియే ప్రచ్ఛన్న యుద్ధమునకు బీజములు పడినవి. ఆగస్టులో జపాను లొంగిన కొలది దినములకే అమెరికా లెండ్–లీజును హఠాత్తుగా నిలిపివేసెను. బ్రిటను గుండె గుభేలుమన్నది. ఆ డిసెంబరులో అమెరికాతో 375 కోట్ల డాలర్ల అప్పు కుదుర్చుకొనవలసివచ్చినది. దాని చివరి వాయిదా 2006 డిసెంబరులో గాని తీరలేదు. సాయము ఎప్పుడు, ఏ విధముగా ముగియునో ముందుగా తేల్చుకొననివారికి ఇట్టి చిక్కులు తప్పవు.

ఇంతమాత్రమున ఆ పొత్తు వ్యర్థమైనదని నేను అనుట లేదు. అది లేనిచో నాజీల దౌర్జన్యము అంతరించియుండెడిది కాదు. దానినుండి ఐక్యరాజ్యసమితి పుట్టినది. 1945 జూను 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ సమితి రాజ్యాంగముపై భారతము పక్షమున సంతకము చేసిన ఆర్కాటు రామస్వామి ముదలియారు మన కర్నూలులో జన్మించినవారు. సమితి ఆర్థిక, సాంఘిక మండలికి ఆయనయే మొదటి అధ్యక్షులు. ఆయన సమర్థతను ఎవరును కాదనలేదు. కాని ఆయనను పంపినది నాటి పరాయి ప్రభుత్వము. ఆ లోపమును ఎత్తిచూపుటకు విజయలక్ష్మీ పండిటు అదే నగరమునకు పోయి స్వతంత్ర భారత వాణిని వినిపించెను. సమర్థుడైన ప్రతినిధి వేరు, ప్రజలు పంపిన ప్రతినిధి వేరు. రెండును ఒక్కరిలో కూడుటకు మనము 1947 వరకు వేచియుండవలసివచ్చినది.

పంచాయతీలు గ్రహింపవలసినది

సోదరులారా, సోదరీమణులారా! ఈ చరిత్ర మన పంచాయతీ గదిలోనికి ఎట్లు వచ్చునో ఒక్క ఉదాహరణముతో మనవి చేసెదను. నాగార్జునసాగరు కుడికాలువ క్రింద పల్నాడు మొదలుకొని ప్రకాశము వరకు పొలములున్నవి. కాలువ మొదటి ఊరివారికి నీరు ముందు అందును. చివరి భూములవారు ఆకాశమును, తూమును మార్చి మార్చి చూచుచుందురు. నీరు కరవైన ఏట వంతులు పెట్టుకొనక తప్పదు. 1997లో వచ్చిన చట్టము ప్రకారము నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. అయినను, చట్టము త్రోవ చూపునే గాని మాట నిలుపదు. మాట నిలుపవలసినవారు ఇరుగుపొరుగు ఊళ్ల పెద్దలైన మీరు.

అట్టి ఒప్పందమునకు కూర్చున్నపుడు నాలుగు సంగతులు మరువకుడు.

మొదటిది, బరువు మోయువానిని ముందు పిలిచి అడుగుడు. చివరి భూముల రైతు లేకుండ వంతుల పట్టిక వ్రాసినచో అది లిన్లిత్‌గో ప్రభువు ప్రకటనకు తమ్ముడే యగును. గ్రామసభను మ్రొక్కుబడిగా జరిపి, సంతకముల పుస్తకమును ఇంటింటికి త్రిప్పుట సమ్మతి కాదు. పొలము లేని కూలివారిని కూడ అడుగుడు. నీరు లేనిచో ముందుగా పని పోవునది వారికే.

రెండవది, ఎవరి వంతు ఎన్ని దినములో, ఎన్ని గంటలో, ఏ తేదీ మొదలో అంకెలతో వ్రాయుడు. త్వరలో ఇత్తుము, వీలునుబట్టి ఇత్తుము అను మాటలు రెండవ రణరంగము వంటివి. రెండేండ్లు గడచినను అవి రావు. వచ్చునాటికి నమ్మకము మిగులదు.

మూడవది, వ్రాసిన మాటకు ఇరువురికిని ఒక్కటే అర్థము ఉండునట్లు చూడుడు. చదువురానివారికి చదివి వినిపింపుడు. తిరిగి వారి నోటనే చెప్పింపుడు. అట్లాంటిక్ ఛార్టరులోని సకల ప్రజలు అను మాటలో తానున్నాననుకొన్న భారతీయునికి కలిగిన ఆశాభంగము మన ఊరి బీదవానికి కలుగరాదు.

నాలుగవది, ఒప్పందము ఎప్పుడు ముగియును, ఇచ్చినవానికి తిరిగి ఏమి వచ్చును, తగవు వచ్చినచో ఎవరు తీర్తురు అనునవి ఆనాడే వ్రాసికొనుడు. ఈ ఏట తన వంతు వదలుకొని పొరుగు ఊరి పైరును బ్రతికించిన గ్రామమునకు మరుసటి ఏట ఏమి దక్కునో కాగితముపై లేనిచో, అది లండను ఖాతాలో వ్రాసిన పౌనుల వంటిదే యగును.

నాడు మన తరపున ఎవరో సంతకము చేసిరి. మన పెద్దలు మోసిరి. నేడు కలము మీ చేతిలో నున్నది. మీ తీర్మానము క్రింద మీరు సంతకము చేయునపుడు, ఆ గదిలో లేనివాడు ఎవడు, వానిపై పడు బరువు ఎంత అని ఒక్క క్షణము ఆలోచింపుడు. ఆ ప్రశ్న వేసికొన్న పంచాయతీ మాట ఊరిలో నిలుచును. పొరుగు ఊరు కూడ దానిని నమ్మును.

సెలవు. జై హింద్.